వాళ్లు మన తలుపు తట్టకముందే మనం వాళ్ల తలుపు తట్టాలి

జర్మనీలోని ఏ తెలుగు వాట్సాప్ గ్రూపులోనైనా ‘యూగెండ్‌ఆమ్ట్’ అన్న మాట పడిందంటే, చర్చ ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. ‘అది పిల్లల్ని తీసుకుపోయే ఆఫీసు’ అంటారు ఒకరు. ‘పిల్లాడు గట్టిగా ఏడిస్తే ముందు కిటికీలు మూసేయండి’ అంటారు ఇంకొకరు. ‘ఇంట్లో సంగతులు కిటాలో చెప్పొద్దని పిల్లలకు నేర్పండి’ అని మరొకరి సలహా. ‘ఇబ్బందిగా ఉంటే ఆ ఆఫీసుకే వెళ్లి సాయం అడగండి’ అనే మాట మాత్రం అక్కడ దాదాపు వినపడదు. ఈ వ్యాసం ఆ మాట చెప్పడానికే.

ఈ దేశంలో పిల్లలున్న కుటుంబాల కోసం ఏర్పాటు చేసిన సేవలు చాలా ఉన్నాయి. వాటికి మనం ప్రతి నెలా పన్ను కడుతున్నాం, ఇన్సూరెన్స్ కడుతున్నాం. కిండర్‌గెల్డ్ దరఖాస్తు పుట్టిన వారంలోనే పెట్టేస్తాం. 2025లో బిడ్డకు నెలకు 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259 యూరోలు అని లెక్క కూడా మనకు నోటికి వచ్చు. డబ్బు రూపంలో వచ్చే సాయం మీద మనకు మొహమాటం లేదు. మనిషి రూపంలో వచ్చే సాయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం వెనకాడతాం. ఇంటి గుట్టు బయటపడుతుందని భయం, నలుగురూ ఏమనుకుంటారోనని బెరుకు, వీసాకు ముప్పేమోనని అనుమానం. వీటన్నిటి మీదా పిల్లల్ని తీసుకుపోతారేమోనన్న భయం.

భయం గాల్లోంచి పుట్టలేదు

నిజం చెప్పుకోవాలంటే, ఈ భయానికి కారణాలున్నాయి. 2011లో నార్వేలోని స్టావెంగర్‌లో ఒక బెంగాలీ కుటుంబం నుంచి ఇద్దరు పిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ శాఖ తీసుకుంది. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు నడిచాక 2012లో ఆ పిల్లలు బాబాయి సంరక్షణలో ఇండియా చేరారు. ఆ కథ 2023లో హిందీ సినిమాగా వచ్చి ప్రతి ప్రవాస ఇంట్లోనూ నడిచింది. 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ ఆయన భార్యకూ తమ కొడుకును హింసించారన్న కేసులో జైలు శిక్ష వేసింది. మన వాళ్లలో చాలామందికి ఆ వార్త ‘పిల్లాణ్ణి మందలిస్తే జైల్లో పెట్టారు’ అన్నట్టుగా చేరింది. కోర్టు విచారించింది మందలింపును కాదు, పదేపదే జరిగిందన్న హింసను. ఆ తేడా మన గ్రూపుల్లో ఎక్కడో జారిపోయింది.

ఇక జర్మనీలోనే, 2021 సెప్టెంబరులో బెర్లిన్‌లో ఒక భారతీయ జంట బిడ్డను ఏడు నెలల వయసులో యూగెండ్‌ఆమ్ట్ తన సంరక్షణలోకి తీసుకుంది. బిడ్డకు తగిలిన గాయం దానికి కారణం. తల్లిదండ్రులపై క్రిమినల్ దర్యాప్తు 2022లో అభియోగాలు లేకుండానే ముగిసింది. అయినా 2023 జూన్‌లో బెర్లిన్ కోర్టు బిడ్డను వాళ్లకు తిరిగి అప్పగించడానికి ఒప్పుకోలేదు. మన విదేశాంగ శాఖ, మన పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని పలుమార్లు లేవనెత్తారు. బిడ్డ భాష, ఆహారం, ఆచారాల సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ కేసులో ఎవరిది ఒప్పో ఇక్కడ తేల్చడం నా పని కాదు. ఆ తల్లిదండ్రుల వేదన చూసి భయపడని ప్రవాస తల్లి, తండ్రి ఉండరని మాత్రం చెప్పగలను.

కానీ ఈ రెండు మూడు కేసుల నుంచి మనం తీసిన ముగింపు, ‘ఈ ఆఫీసు పనే పిల్లల్ని లాక్కోవడం’ అన్నది, లెక్కకు నిలవదు. 2022లో జర్మనీ మొత్తం మీద పిల్లల క్షేమానికి ముప్పుందేమో అని యూగెండ్‌ఆమ్ట్‌లు 2,03,700 సందర్భాలను పరిశీలించాయి. అందులో 62,300 చోట్ల ముప్పు ఉందని తేలింది. 68,900 చోట్ల ముప్పు లేదు, కానీ కుటుంబానికి సాయం అవసరమని తేలింది. మిగిలిన 72,500 చోట్ల ఏమీ లేదని ఫైలు మూసేశారు. అంటే ఎవరో ఫిర్యాదు చేసి అధికారులు వచ్చి చూసిన మూడు ఇళ్లలో రెండింట్లో పిల్లలకు ముప్పే లేదన్నమాట. మరి పిల్లల్ని సంరక్షణలోకి తీసుకోవడం సంగతి? 2023లో అలాంటివి సుమారు 74,600. ఆ సంఖ్య చూసి ఉలిక్కిపడేముందు ఇంకొకటి తెలుసుకోవాలి. అందులో సగానికి పైగా అమ్మానాన్నలు వెంట లేకుండా వేరే దేశాల నుంచి ఒంటరిగా వచ్చిన మైనర్లు. మిగిలిన వాళ్లలో కొందరు తామే వచ్చి ‘నన్ను ఇంటికి పంపొద్దు’ అని అడిగిన పిల్లలు.

ఇంకోవైపు, ఏటా పది లక్షలకు పైగా పిల్లలూ యువతా ఈ వ్యవస్థ నుంచి పెంపకానికి సంబంధించిన సాయం ఏదో ఒకటి అందుకుంటున్నారు. అందులో అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్నది పిల్లల్ని తీసుకెళ్లడం కాదు, తల్లిదండ్రులను కూర్చోబెట్టి సలహా చెప్పే సేవ. దాన్ని వాడుకునేవాళ్లలో జర్మన్ డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, మనతో ఆఫీసులో పక్క సీట్లో కూర్చునేవాళ్లున్నారు. వాళ్లకు అది పళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లినంత మామూలు పని.

చట్టం ఏమంటోంది

1949 నాటి జర్మన్ రాజ్యాంగం ఆరో అధికరణలో పిల్లల పోషణ, పెంపకం తల్లిదండ్రుల సహజ హక్కు అని రాసి ఉంది. అదే వాక్యంలో అది వాళ్ల బాధ్యత అని కూడా ఉంది. అది సరిగా జరుగుతోందా అని చూసే పని ప్రభుత్వానిది. యూగెండ్‌ఆమ్ట్ పనిచేసే చట్టం 1990-91లో అమల్లోకి వచ్చిన సోషల్ కోడ్ ఎనిమిదో పుస్తకం. అందులో ఎక్కువ భాగం సాయం గురించే.

అత్యవసరంగా బిడ్డను సంరక్షణలోకి తీసుకున్నా, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే యూగెండ్‌ఆమ్ట్ ఆలస్యం చేయకుండా ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి, లేదా బిడ్డను తిరిగి ఇచ్చేయాలి. అంతిమ నిర్ణయం ఆ ఆఫీసుది కాదు, కోర్టుది. సివిల్ కోడ్‌లోని 1666, 1666-ఎ సెక్షన్లు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయడం వేరే ఏ మార్గమూ, ప్రభుత్వ సాయంతో సహా, పనికిరానప్పుడే కుదురుతుంది. కోర్టు అడిగే ముఖ్యమైన ప్రశ్న ఇది: ఈ ముప్పును తప్పించడానికి తల్లిదండ్రులకు ఇష్టం ఉందా, చేతనవుతుందా?

ఇక్కడే మన ఆలోచన తలకిందులవుతోంది. సాయం అడిగితే ‘వీళ్లకు చేతకాదు’ అని రాసుకుంటారని మనం దాక్కుంటున్నాం. నిజానికి ముందే వెళ్లి సాయం అడిగిన కుటుంబం ఆ ప్రశ్నలో మొదటి సగానికి జవాబు చెప్పేసినట్టే. ఏ సాయమూ అడగకుండా, డాక్టరు ఇచ్చిన అపాయింట్‌మెంట్లు వదిలేసి, కిటా టీచర్ రాసిన ఉత్తరాలకు జవాబివ్వకుండా ఉన్న కుటుంబం మీదే అనుమానం పెరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలిసిన సంగతే, తప్పు ఎంత ముందు దొరికితే సరిచేయడం అంత తేలిక. మన పెద్దవాళ్లు దాన్నే చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దు అన్నారు.

దెబ్బ సంగతి

ఒక విషయం నాన్చకుండా చెప్పుకోవాలి. జర్మనీలో పిల్లలకు హింస లేని పెంపకం హక్కు. 2000 నవంబరు నుంచి సివిల్ కోడ్ 1631 సెక్షన్‌లో ఇది ఉంది. శరీరానికి దెబ్బ, మనసుకు గాయం, అవమానించడం, మూడూ నిషిద్ధం. చెంపదెబ్బ కూడా ఇందులోకే వస్తుంది. ‘మా ఊళ్లో అందరూ ఇలాగే పెరిగాం, మాకేమైంది’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఇది తెల్లవాళ్ల గొప్పతనమేమీ కాదు. పశ్చిమ జర్మనీ బడుల్లో బెత్తాన్ని నిషేధించింది 1973లో. బవేరియాలో ఇంకో పదేళ్లు పట్టింది. మన దగ్గరా 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. అన్ని దేశాలూ ఒకే దారిలో నడుస్తున్నాయి, కొన్ని ముందు, కొన్ని వెనక. ‘దెబ్బకు దెయ్యం కూడా వదులుతుంది’ అన్న సామెతను మనం ఇండియాలోనే వదిలి విమానం ఎక్కాల్సింది.

అయితే ‘కొట్టొద్దు’ అని చెప్పి వదిలేస్తే సరిపోదు. రాత్రి తొమ్మిదింటికి కాల్‌లో ఉన్న తండ్రి, రోజంతా ఇద్దరు పిల్లలతో నాలుగు గోడల మధ్య ఉన్న తల్లి, నేల మీద పడి దొర్లుతున్న మూడేళ్ల పిల్లాడు. ఆ క్షణంలో కొట్టకుండా ఏం చేయాలో మనకు ఎవరు నేర్పారు? ఊళ్లో అయితే నాయనమ్మ వచ్చి పిల్లాణ్ణి చంకనేసుకుని పెరట్లోకి తీసుకుపోయేది. ఇక్కడ ఆ నాయనమ్మ లేదు. ఆ ఖాళీని పూడ్చడానికే ఇక్కడ పెంపకం సలహా కేంద్రాలున్నాయి. ‘ఎర్ట్సీయుంగ్స్‌బెరాటుంగ్’ అని వెతికితే మీ ఊళ్లోనే దొరుకుతాయి. దేశం మొత్తం మీద సుమారు వెయ్యి ఉన్నాయి. ఫీజు లేదు. అక్కడ పనిచేసేవాళ్లు సైకాలజిస్టులు, సోషల్ పెడగాగ్‌లు. మీరు చెప్పింది రహస్యంగా ఉంచడం వాళ్లకు చట్టరీత్యా బాధ్యత. చాలా కేంద్రాలు యూగెండ్‌ఆమ్ట్‌వి కూడా కావు. కారితాస్, డియాకోనీ, ఆవో వంటి సంస్థలు నడుపుతాయి. ఏ సంస్థ దగ్గరకు వెళ్లాలో ఎంచుకునే హక్కు చట్టం మీకే ఇచ్చింది.

ఇంటి గడప దాటడానికి మనసొప్పకపోతే ఫోను ఉంది. తల్లిదండ్రుల కోసం 0800 111 0550, పిల్లల కోసం 116 111. రెండూ ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు.

పురుడు, తొంభై రోజుల అమ్మమ్మ

ఈ సేవలు మన ఆడవాళ్లకు ఎంత అవసరమో పురుడు దగ్గర తెలుస్తుంది. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో. పథ్యం, నలుగుపెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి ధూపం, బిడ్డను ఎత్తుకోవడానికి పది చేతులు. ఇక్కడ అమ్మ విజిటర్ వీసా మీద వస్తే 180 రోజుల్లో 90 రోజులే ఉండగలదు. కాన్పుకు నెల ముందు వస్తే బిడ్డకు రెండు నెలలు నిండేసరికి తిరుగు విమానం. వీసా రాకపోతే అదీ లేదు. భర్త సెలవు అయిపోతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి, బిడ్డ, నవంబరు నెల చీకటి.

ఆ అమ్మాయి ఊరికే ఏడుస్తుంటే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదంటే, మనవాళ్లు ‘బాలింత కదా, సర్దుకుంటుంది’ అంటారు. అది ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. కానీ దాన్ని గుర్తుపట్టే మనిషి ఇంటికి రావాలి. ఇక్కడ ఆ మనిషి పేరు హెబామె, అంటే మంత్రసాని. కాన్పు తర్వాత 12 వారాల వరకు ఆమె ఇంటికి వచ్చి చూడటానికి అయ్యే ఖర్చు ఇన్సూరెన్స్ భరిస్తుంది. కానీ పెద్ద నగరాల్లో హెబామె దొరకడం కష్టం, కాబట్టి గర్భం నిర్ధారణ కాగానే వెతకడం మొదలుపెట్టాలి. ఏడో నెలలో అడిగితే ‘ఖాళీ లేదు’ అనే జవాబు వస్తుంది.

2012 జనవరి నుంచి అమల్లో ఉన్న బాలల రక్షణ చట్టం ‘ఫ్రూహె హిల్ఫెన్’ పేరుతో మరో ఏర్పాటును దేశమంతా బలపరిచింది. గర్భం దాల్చినప్పటి నుంచి బిడ్డకు మూడేళ్లు వచ్చేవరకు ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు ముందస్తు సాయం ఇది. ఇందులో భాగంగా ఫ్యామిలీ హెబామె అవసరమైతే బిడ్డకు ఏడాది నిండేవరకు ఇంటికి వస్తుంది. 2002లో హాంబర్గ్‌లో మొదలైన ‘వెల్‌కమ్’ అనే సంస్థ స్వచ్ఛంద సేవకులను ఇంటికి పంపుతుంది. వాళ్లు వారంలో కొన్ని గంటలు బిడ్డను చూసుకుంటే తల్లి నిద్రపోవచ్చు, లేదా పెద్దపిల్లతో కాసేపు ఆడుకోవచ్చు. ఇవన్నీ పేదల కోసం, తాగుబోతుల ఇళ్ల కోసం అని మనలో ఒక అపోహ ఉంది. కాదు. దగ్గర చుట్టాలు లేని ఏ ఇంటి కోసమైనా అవి ఉన్నాయి. ఆ లెక్కన మనకంటే అర్హులెవరు?

‘మా మేనమామకూ మాటలు లేటే’

ఇంకో చోట కూడా మన ఆలస్యం పిల్లలకు నష్టం చేస్తోంది. పుట్టినప్పటి నుంచి యూ-1 నుంచి యూ-9 వరకు పరీక్షలుంటాయి, పసుపు పుస్తకంలో డాక్టరు రాస్తూ వస్తారు. బవేరియా, హెస్సెన్, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో ఇవి తప్పనిసరి. బిడ్డకు రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, డాక్టరు ‘ఎస్‌పీజెడ్‌కు వెళ్లండి’ అంటారు. అది పిల్లల ఎదుగుదలను పరిశీలించే ప్రత్యేక కేంద్రం. మన వాళ్లు ఆ కాగితం మడిచి డ్రాయర్లో పెడతారు. ‘ఇంట్లో తెలుగు, కిటాలో జర్మన్, టీవీలో ఇంగ్లిష్, అందుకే లేటు’ అంటారు. ‘మా మేనమామకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు’ అంటారు.

మూడు భాషల ఇంట్లో మాటలు కాస్త ఆలస్యం కావచ్చు, నిజమే. అయితే అది భాషల వల్లో, వినికిడి లోపం వల్లో, ఆటిజం వల్లో తేల్చాల్సింది మేనమామ కథ కాదు, పరీక్ష. ఆ కేంద్రాల్లో అపాయింట్‌మెంట్‌కే నెలల తరబడి ఆగాలి. మనం సిగ్గుపడి ఒక ఏడాది వృథా చేస్తే, ఆ ఏడాది బిడ్డది. మాటల శిక్షణకు డాక్టరు చీటీ చాలు. బడికి ముందు వయసు పిల్లలకు ఎదుగుదల సాయం తల్లిదండ్రుల జేబు నుంచి ఏమీ అడగదు. ‘తెలుగు మాట్లాడటం మానేయండి’ అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. బిడ్డతో తల్లి తనకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడాలి. మంచి లోగోపెడిస్టులు చెప్పేది కూడా అదే.

వీసా భయం

సాయం తీసుకుంటే రెసిడెన్స్ పర్మిట్‌కు, సిటిజన్‌షిప్‌కు అడ్డం అవుతుందని చాలామంది నమ్ముతున్నారు. ప్రభుత్వం మీద ఆధారపడకుండా బతకాలన్న షరతు ఉన్నమాట నిజమే. అయితే కిండర్‌గెల్డ్, ఎల్టర్న్‌గెల్డ్ వంటివి ఆ లెక్కలోకి రావని రెసిడెన్స్ చట్టమే చెబుతోంది. ఇక సలహా కేంద్రానికి వెళ్లడం, హెబామె ఇంటికి రావడం, మాటల శిక్షణ, ఇవి బతుకుతెరువు కోసం తీసుకునే భత్యాలే కావు. వీటివల్ల వీసాకు వచ్చే నష్టం లేదు.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన మన అమ్మాయిలకు ఇంకో మాట. భర్త కొడుతున్నా ‘విడిపోతే నన్ను ఇండియాకు పంపించేస్తారు, బిడ్డను ఇక్కడే ఉంచేస్తారు’ అని భరిస్తున్నవాళ్లున్నారు. ఇక్కడ కలిసి మూడేళ్లు కాపురం చేస్తే భార్యకు సొంతంగా ఉండే హక్కు వస్తుంది. ఇంట్లో హింస ఉంటే ఆ మూడేళ్ల షరతును కూడా సడలిస్తారు. 116 016 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. జర్మన్ కాకుండా ఇంకా చాలా భాషల్లో మాట్లాడేవాళ్లుంటారు, ఇంగ్లిష్‌లో కూడా. తల్లి మీద పడే దెబ్బ బిడ్డ చూస్తున్నా అది బిడ్డకు కూడా దెబ్బే. ‘పిల్లల కోసమే భరిస్తున్నా’ అనే అక్కచెల్లెళ్లు ఈ మాట ఒక్కసారి ఆలోచించాలి.

వ్యవస్థలోనూ లోపాలున్నాయి

ఇంత చెప్పానని ఈ వ్యవస్థ తప్పే చేయదని అనడం లేదు. యూగెండ్‌ఆమ్ట్‌లలో సిబ్బంది తక్కువ, ఒక్కొక్కరి మీద ఫైళ్లు ఎక్కువ. చేత్తో అన్నం తినిపించడం, బిడ్డ పక్కనే పడుకోబెట్టుకోవడం, నల్ల దారం కట్టడం, వీటిని అర్థం చేసుకోని అధికారి తగలవచ్చు. వచ్చీరాని జర్మన్‌లో మనం చెప్పిన మాట ఇంకోలా రికార్డు కావచ్చు.

అందుకే కొన్ని జాగ్రత్తలు మనవి. అర్థం కాకపోతే ‘అర్థమైంది’ అని తలూపకండి, దుబాసీని అడగండి. ఆఫీసులో మాట్లాడేటప్పుడు నమ్మకమైన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లడం సోషల్ కోడ్ ఇచ్చిన హక్కు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, ఇంటికి తెచ్చుకుని చదివించుకోండి. జరిగిన ప్రతి సమావేశం తేదీతో సహా రాసిపెట్టుకోండి. విషయం కోర్టు దాకా వెళ్తే కుటుంబ చట్టం తెలిసిన లాయరును పెట్టుకోండి. డబ్బు చాలకపోతే కోర్టు ఖర్చులకు సాయం కూడా అడగవచ్చు. ఏ పరిస్థితిలోనూ బిడ్డను రాత్రికి రాత్రి ఇండియా పంపేద్దామని చూడకండి. దాంతో చిన్న విషయం పెద్దదవుతుంది.

మన సంఘాలకు ఒక విన్నపం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జర్మనీలో భారతీయుల సంఖ్య రెండు లక్షలు ఎప్పుడో దాటింది. బ్లూ కార్డ్ మీద వచ్చినవాళ్లలో మనవాళ్ల వాటా తక్కువేమీ కాదు. ప్రతి పెద్ద నగరంలో తెలుగు సంఘం ఉంది. ఉగాది చేస్తాం, బతుకమ్మ పేరుస్తాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం, హైదరాబాద్ నుంచి గాయకుల్ని పిలిపిస్తాం. అవి వద్దనను, అవి మనల్ని కలిపి ఉంచుతున్నాయి. కానీ హాలు నిండా నాలుగు వందల మంది కూర్చున్న రోజున, వాళ్లలో ఎవరి ఇంట్లో ఏ బాలింత ఒంటరిగా ఏడుస్తోందో తెలుసుకునే దారి ఒక్కటైనా మన సంఘాలకు ఉందా?

బెర్లిన్‌లోని నొయ్‌క్యోల్న్ ప్రాంతం చూడండి. 2004లో అక్కడ ‘ష్టట్‌టైల్‌ముటర్’, అంటే పేట తల్లులు, అనే పథకం మొదలైంది. టర్కీ, అరబ్ కుటుంబాల తల్లులకే శిక్షణ ఇచ్చి, తమ భాషవాళ్ల ఇళ్లకు పంపారు. ఎర్ర కండువా వాళ్ల గుర్తు. కిటా ఎలా పనిచేస్తుంది, బిడ్డ ఎదుగుదల ఎలా ఉండాలి, కొట్టకుండా పెంచడం ఎలా అన్నవి వాళ్లు టీ తాగుతూ, సొంత భాషలో చెబుతారు. అధికారి చెబితే అనుమానంగా విన్న మాట, మన భాష మాట్లాడే అక్క చెబితే చెవికెక్కుతుంది. ఆ నమూనా ఇతర నగరాలకూ పాకింది. మన అంగన్‌వాడీ టీచర్లు 1975 నుంచి ఊళ్లలో చేస్తున్నది ఇలాంటి పనే కదా. అమెరికాలో న్యూజెర్సీలోని దక్షిణాసియా మహిళలు 1985లోనే ‘మానవి’ పేరుతో తమ ఆడవాళ్ల కోసం ఒక సంస్థ పెట్టుకున్నారు. మనకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మనం చేయగలిగినవి ఇవి. ఒకటి, ప్రతి నగర సంఘంలో ఇద్దరు ముగ్గురు కుటుంబ సహాయకులు ఉండాలి, అందులో కనీసం ఇద్దరు మహిళలు. వాళ్ల పని సమస్య తీర్చడం కాదు, సరైన తలుపు చూపించడం, అవసరమైతే వెంట వెళ్లడం. విన్నది ఎవరికీ చెప్పకూడదు, సంఘం అధ్యక్షుడికి కూడా. ఆ ఒక్క నియమం తప్పితే రెండోసారి ఎవరూ రారు. రెండు, ఊరి సలహా కేంద్రం నుంచి ఒక నిపుణురాలిని ఏడాదికి రెండుసార్లు పిలిచి మాట్లాడించాలి, పక్కన తెలుగులో చెప్పేవాళ్లు ఉండాలి. పిలిస్తే వాళ్లు సంతోషంగా వస్తారు. మూడు, బాలింత ఉన్న ఇంటికి వారానికి రెండుసార్లు వంట పంపే ఏర్పాటు ఉండాలి. కారప్పొడి, నేతి అన్నం తీసుకెళ్లే అక్కకు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. నాలుగు, మన సంఘాలు రిజిస్టరైన ఫెరైన్‌లే కదా. పిల్లల రంగంలో మూడేళ్లు పని చేసి చూపిస్తే, గుర్తింపు పొందిన సేవాసంస్థగా దరఖాస్తు చేసుకునే హక్కు చట్టమే ఇస్తోంది. అప్పుడు యూగెండ్‌ఆమ్ట్ బల్లకు ఆ పక్కన కూడా మన మాట తెలిసిన మనిషి ఉంటారు. బెర్లిన్ బిడ్డ విషయంలో మనం అడిగిన ప్రశ్న, మన భాష, మన ఆచారం తెలిసిన ఇల్లు ఏది అన్నది, దానికి జవాబు కూడా మన చేతుల్లోనే ఉంది. పెంపుడు కుటుంబంగా పేరు నమోదు చేసుకోవడానికి మనలో ఎంతమంది ముందుకొచ్చాం?

‘మాకెందుకొచ్చిన గొడవ, ఒకరి ఇంటి విషయంలో తలదూరిస్తే చెడ్డపేరు’ అనేవాళ్లుంటారు. తలదూర్చమనడం లేదు. చేయి అందించమంటున్నాను. ఊళ్లో పక్కింటి పిల్ల పరీక్ష తప్పితే వీధంతా ధైర్యం చెప్పిన మనుషులం మనం. ఇక్కడికి వచ్చాక తలుపులు మూసుకుని బతకడం నేర్చుకున్నాం, అది జర్మన్ల నుంచి నేర్చుకోదగ్గ విషయం కాదు. సాయం అడగడానికి సిగ్గుపడకపోవడం మాత్రం వాళ్ల నుంచి నేర్చుకోవచ్చు.

2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతిలో చేరే పిల్లలకు రోజంతా సంరక్షణ పొందే హక్కు కూడా వస్తోంది. సేవలు పెరుగుతున్నాయి. వాటిని వాడుకునే ధైర్యం మనకు పెరగాలి. ఈ వారం మీరు చేయాల్సింది చిన్న పని. మీ ఊళ్లోని పెంపకం సలహా కేంద్రం చిరునామా ఒకటి వెతికి ఫోనులో దాచుకోండి. మీకు అక్కర రాకపోవచ్చు. అదే వాట్సాప్ గ్రూపులో రేపు ఎవరో ఒక అమ్మాయి అర్ధరాత్రి ‘నాకు భయంగా ఉంది’ అని రాసినప్పుడు, ‘కిటికీలు మూసేయండి’ అనకుండా ఆ చిరునామా పంపండి. ‘పొద్దున్నే నేనూ వస్తాను, కలిసి వెళ్దాం’ అని కింద ఇంకో మాట చేర్చండి.